మాంసమే కారణం అనాలంటే మాంసం మిగిలి ఉండాలి

డోపింగ్ పరీక్షలో దొరికిన ఆటగాడి నోట తరచూ వినిపించే మాట: "తిన్న మాంసంలోంచి వచ్చి ఉంటుంది". ఒక్కోసారి అది నిజమే. కానీ ఫలితం చేతికందేసరికి ఆ కూర తిని వారాలు దాటిపోతాయి. కోసిన గొర్రె ఏ ఊరి మందలోదో దుకాణదారుకు గుర్తుండదు. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక నియమావళి మాత్రం ఒంట్లో దొరికిన పదార్థానికి ఆటగాడినే బాధ్యుణ్ని చేస్తుంది. శిక్ష తగ్గాలంటే అది ఎలా చేరిందో అతడే చూపించాలి. పశువుల్లో కండ పెంచడానికి అక్రమంగా మేపే క్లెన్‌బ్యుటెరాల్ లాంటి మందుకు నాలుగేళ్ల నిషేధం పడవచ్చు. అందుకే అనంతపురం, కడప, కర్నూలుల్లో క్రీడాకారులకు వండిపెట్టే ప్రతి వంటశాలా కొన్న మాంసంలోంచి కొంత తీసి ఫ్రీజర్‌లో దాచాలని గట్టిగా అంటున్నాం.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మాంసంలో మందుల అవశేషాలు అనగానే అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలోనే ముందుండే అనంతపురం ప్రాంతంలో కాపరి చేతికి ఎక్కువగా వచ్చేవి ఆక్సిటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు, నట్టల మందులు. దీర్ఘకాలం పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ వేశాక సాధారణంగా 28 రోజులు ఆగి కోయాలి. జబ్బు తగ్గని జీవాన్ని నష్టం తప్పించుకోవడానికి గడువులోపే సంతకు తోలితే, సూది గుచ్చిన తొడ కండలో మందు ముద్దగా మిగిలిపోతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కండలో కిలోకు 200 మైక్రోగ్రాములు, మూత్రపిండంలో 1200. ఇది ప్రజారోగ్య సమస్య, పెద్ద సమస్య కూడా. అయితే యాంటీబయాటిక్ డోపింగ్ కాదు. డోపింగ్ కోణంలో చూడాల్సినవి వేరు, జీవాల ఎదుగుదల పెంచడానికి వాడేవి: క్లెన్‌బ్యుటెరాల్, రాక్టోపమైన్, జిల్పటెరాల్, జెరనాల్, అనబాలిక్ స్టెరాయిడ్లు.

వీటి ముప్పు ఎంత నిజమో 2011లో మెక్సికోలో జరిగిన అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చూపించింది. 208 నమూనాల్లో 109లో క్లెన్‌బ్యుటెరాల్ బయటపడింది. మాంసం మానేసిన ఆతిథ్య జట్టుకు ఆ బెడద తప్పింది. మాంసమే మూలమని తేలడంతో కుర్రాళ్లెవరికీ శిక్ష పడలేదు. అంతకు ముందు ఏడాదే, 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో సైక్లిస్టు ఆల్బెర్టో కంటడోర్ మూత్రంలో మిల్లీలీటరుకు 50 పికోగ్రాముల క్లెన్‌బ్యుటెరాల్ దొరికింది. మాంసం వల్లే అన్న అతడి వాదనను క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం నమ్మలేదు. 2012లో టైటిల్ పోయింది. జట్లకు జట్లే పట్టుబడితే మూలం దానంతటదే కనిపిస్తుంది, ఒంటరిగా దొరికినవాడు ఆధారం చూపాలి.

2019 నుంచి నియమం కొంత సడలింది. మూత్రంలో క్లెన్‌బ్యుటెరాల్ మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు (నానోగ్రాము అంటే 1000 పికోగ్రాములు) మించకపోతే నేరుగా పాజిటివ్ అనకుండా, అసాధారణ ఫలితంగా నమోదు చేసి విచారణ జరుపుతారు. ఈ అంకె ఎక్కడ నిలుస్తుందో లెక్క వేసి చూడొచ్చు. పశువుల కండలో క్లెన్‌బ్యుటెరాల్‌కు కోడెక్స్ పరిమితి కిలోకు 0.2 మైక్రోగ్రాములు. ఆ హద్దులో ఉన్న మాంసం పావుకిలో తింటే ఒంట్లోకి చేరేది 50 నానోగ్రాములు. మూడు రోజుల్లో మూడో వంతు మూత్రంలో బయటికొస్తుందనీ, ఆ మూడు రోజుల మూత్రం నాలుగున్నర లీటర్లనీ అనుకుంటే సగటున మిల్లీలీటరుకు దాదాపు 4 పికోగ్రాములు. అదే అక్రమంగా మందు మేపిన జీవం కార్జం, కిలోకు 20 మైక్రోగ్రాములున్నది 150 గ్రాములు తింటే మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు దాటుతుంది. రెండూ 5కు చాలా దిగువనే ఉన్నాయి. చిక్కేమిటంటే, కొన్ని రోజుల క్రితం మాత్ర మింగినవాడి మూత్రంలోనూ చివరికి మిగిలేది ఇంతే. అంకె చూసి ఎవరూ మూలం చెప్పలేరు. మాంసాన్ని పరీక్షిస్తేనే చెప్పగలం.

పచ్చి కండలో వెతకడం కొంత నయం. సాసేజ్, సలామీ, నగెట్, కైమా వచ్చేసరికి పని కష్టమవుతుంది. పది జీవాల మాంసం కలిపి రుబ్బితే, ఒక్కదానిలో కిలోకు 2 మైక్రోగ్రాములున్నా మొత్తంలో 0.2కు పలచబడుతుంది. అందుకే ల్యాబ్‌లో ప్యాకెట్‌లోంచి ఒక ముక్క తుంచి తీసుకోకూడదు. మొత్తం గడ్డకట్టించి మెత్తగా పొడి చేశాకే 5 గ్రాములు తూచాలి. తూచిన వెంటనే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) గుర్తు వేసిన క్లెన్‌బ్యుటెరాల్-డి9ను, పోల్చి కొలవడానికి, తెలిసిన మోతాదులో కలపాలి. చివర్లో కలిపితే మధ్య దశల్లో పోయిన మందు లెక్కకు రాదు, ఉన్నదాని కన్నా తక్కువ చూపిస్తుంది. తర్వాత పీహెచ్ 5.2 దగ్గర ఎంజైమ్ వేసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే కొన్ని మందుల బంధిత రూపాలు విడివడతాయి. ఆమ్లంతో ప్రొటీన్‌ను దించి, హెక్సేన్‌తో కొవ్వు తీసి, మందును పట్టి ఉంచే కాటయాన్ మార్పిడి కార్ట్రిడ్జ్‌లోంచి పంపి, అమోనియా కలిపిన మిథనాల్‌తో రాబట్టాలి. ఆ ద్రవాన్ని నైట్రోజన్ గాలితో ఆరబెట్టి, మళ్లీ కరిగించి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌కు, అంటే పదార్థాలను కాలమ్‌లో విడదీసి అణువుల ద్రవ్యరాశిని బట్టి గుర్తించే యంత్రానికి, ఇస్తారు. క్లెన్‌బ్యుటెరాల్‌దైన 277 ద్రవ్యరాశి అయాను (విద్యుదావేశమున్న కణం) 203గా, 259గా రెండు దారుల్లో విరగాలి. ఆ రెండింటి నిష్పత్తీ, కాలమ్‌లోంచి బయటికొచ్చే సమయమూ ప్రామాణిక నమూనాతో సరిపోవాలి. ఒక్క దారి కనిపించిందని పాజిటివ్ రాసేయకూడదు.

ఇక్కడే ఉప్పు, ఫాస్ఫేట్, మిరప, పసుపు అడ్డుతగులుతాయి. ఇవి యంత్రంలో అయాన్లు ఏర్పడకుండా అణచేస్తాయి. పచ్చి మాంసంలో తెలిసిన మోతాదులు కలిపి గీసిన ప్రామాణిక రేఖను మసాలా సాసేజ్‌కు వాడితే లెక్క తప్పుతుంది. మందు లేదని తేలిన అదే రకం సాసేజ్‌తో రేఖ గీయాలి. తొలి వడపోతకు వాడే ఎలైజా కిట్లు (యాంటీబాడీలతో వెతికే పరీక్షలు) ఉబ్బసం మందు సాల్బుటమాల్‌కూ స్పందించగలవు కాబట్టి, వాటి ఫలితాన్ని అనుమానంగానే తీసుకోవాలి. నగెట్లలో ఇంకో మెలిక. నిషేధిత యాంటీబయాటిక్ నైట్రోఫ్యురజోన్‌కు గుర్తుగా వెతికే సెమికార్బజైడ్, పైపూతలోని పిండికి కలిపిన అజోడైకార్బనమైడ్ నుంచి కూడా పుడుతుంది. పూత ఒలిచి లోపలి మాంసాన్ని వేరుగా పరీక్షించకపోతే, తప్పు చేయని కోళ్ల రైతు మీద నింద పడుతుంది.

వండితే పోతుందిలే అనుకోవడానికి లేదు. మరిగే నీళ్లలో క్లెన్‌బ్యుటెరాల్ చెక్కుచెదరదు, కుక్కర్ కూతలను నమ్ముకోలేం. మందు మేపిన జీవంలో కండ కన్నా కార్జంలో అది ఎక్కువ నిలుస్తుంది. కంటి నల్లపొరలో, నల్ల వెంట్రుకల్లో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. మెక్సికో, చైనా లాంటి చోట్లకు పోటీలకు వెళ్లినప్పుడు కార్జం, తలకాయ కూర పూర్తిగా మానేయడం మేలు. అక్కడ జట్టంతా ఒకేచోట తినడం, ఏ పూట ఏం తిన్నారో రాసిపెట్టడం ఇంకా మేలు.

ఇక మన హాస్టల్ వంటగదిలో చేయాల్సిన పని. ప్రతి కొనుగోలు నుంచి 200 గ్రాముల పచ్చి కండ, కార్జం తెస్తే అది వేరుగా 100 గ్రాములు, రెండేసి కవర్లలో సీలు వేసి మైనస్ 18 డిగ్రీల్లో నాలుగు నెలలు ఉంచాలి. కవరు మీద తేదీ, దుకాణం, జీవం వచ్చిన ఊరు, చెవి ట్యాగు ఉంటే దాని నంబరు రాయాలి. సీలు మీద వార్డెన్‌తో పాటు ఒక శిక్షకుడూ సంతకం చేయాలి. ఒక్కరే వేసిన సీలును విచారణలో తేలిగ్గా కొట్టిపారేస్తారు. ప్యాకెట్ మాంసమైతే అదే బ్యాచ్‌ది విప్పని ప్యాకెట్ ఒకటి దాచి, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు రిజిస్టర్లోకి ఎక్కించాలి. కరెంటు పోయి ఫ్రీజర్ కరిగితే ఆ సంగతీ దాచకుండా రాయాలి.

ఆ రిజిస్టర్‌లోనే పిల్లలు వాడిన మందులకు కూడా ఒక పేజీ కావాలి. దగ్గు వస్తే మెడికల్ షాపులో ఇచ్చే సిరప్‌లలో ఊపిరి గొట్టాలను వదులుచేసే టెర్బుటలిన్ ఉన్నవి చాలా ఉన్నాయి. అది పోటీల్లోనే కాదు, ఎప్పుడూ నిషేధమే. సాల్బుటమాల్‌కు పీల్చే రూపంలో, రోజుకు 1600 మైక్రోగ్రాములు, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకుండా మాత్రమే అనుమతి, సిరప్‌గా తాగకూడదు. పాజిటివ్ వచ్చిన రోజున మాంసం కవరుతో పాటు ఈ పేజీ కూడా బయటికి తీయాలి. ముందుగా సిరప్ సంగతి తేల్చుకుని, అది కాదని తేలాకే నమూనాను ల్యాబ్‌కు పంపాలి.