సిమ్యులేషన్ ఆకుపచ్చ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాంటూర్ ఆకుపచ్చ గారి దివ్య సముఖానికి,

పోతల అంచులు గీకి శుభ్రం చేసే ఫెట్లింగ్ సెక్షన్ నుంచి నమస్కారాలు. పోత ఎలా గట్టిపడుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పటంలో ‘ఇక్కడ ప్రమాదం లేదు’ అని చెప్పే రంగు తమరే కదా. ఇక్కడ అంతా క్షేమం అని రాయడం ఆనవాయితీయే కానీ, 206 అల్యూమినియం (రాగి కలిసిన మిశ్రమలోహం) బ్రాకెట్ ఒకటి బల్ల మీద నోరు తెరుచుకుని కూర్చుంది. ఆర్మ్ వచ్చి ఫ్లాంజ్‌ని కలిసే మూలలో చీలిక. పగుళ్లు పట్టే రంగు ద్రవం (డై పెనెట్రెంట్) అక్కర్లేదు, గోరు దూరుతోంది. రిపోర్టులో అదే మూల మీద తమరు చక్కగా పరుచుకుని ఉన్నారు. పక్కనే ‘హాట్ టియర్ ఇండికేటర్: సురక్షితం’ అని ముద్ర కూడా. హాట్ టియర్ అంటే లోహం పూర్తిగా గట్టిపడక ముందే చీలడం.

మూస పగలగొట్టి పోత బయటికి తీసే నాకౌట్‌లో ఎవడో సుత్తి ఎక్కువేసి ఉంటాడని తమరి తరఫు వాదన. కాస్త పగులు ముఖం చూడండి సార్. చల్లారాక విరిగితే లోహం తళతళలాడుతుంది. ఇది మసకబారి, ఆక్సైడ్ పట్టి ఉంది. మైక్రోస్కోప్ కింద డెండ్రైట్ (కొమ్మల్లా పెరిగే లోహపు స్ఫటికం) కొనలు నున్నగా, గుండ్రంగా కనిపిస్తున్నాయి. అంటే వాటి మధ్య ఇంకా ద్రవం ఉండగానే చీలిందన్నమాట. గది ఉష్ణోగ్రత దగ్గర లెక్కగట్టిన ఒత్తిడి (వాన్ మైసెస్) లోహం శాశ్వతంగా వంగిపోయే హద్దుకి (ఈల్డ్‌కి) లోపలే ఉందంటూ ఇంకో పటం జతచేశారు. పెళ్ళయ్యాక జాతకాలు చూపించినట్టుంది.

అసలు సంగతికి వద్దాం. ఘనభాగం (లోహంలో గట్టిపడిన వంతు) 0.9 నుంచి 0.99 అయ్యే దాకా ప్రాణం మీదికొచ్చే కాలమని పరిశోధకులు క్లైన్, డేవీస్ 1981లోనే చెప్పారు. తమరు లెక్కించేదీ ఆ కిటికీలో ఆ చోట ఎంత సాగుడు పోగయిందన్నదే. బాగుంది. మరి ఆ కిటికీ ఏ ఉష్ణోగ్రత దగ్గరుందో ఎవరు చెప్పారు తమరికి? డేటాబేస్‌లో ఉన్నది లెవర్ రూల్ వక్రరేఖ, అంటే రాగి అంతటా సర్దుకునేంత నెమ్మదిగా చల్లారుతుందనే లెక్క. 4.5 శాతం రాగికి దాని ప్రకారం కిటికీ సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుని 576 దగ్గర మూసుకుంటుంది, 570 కల్లా అంతా గట్టిపడిపోతుంది. మూసలోని లోహానికి అంత తీరిక ఎక్కడిది? ఘనంలో రాగి సర్దుకునే లోపే చల్లారిపోతుంది. ఘనంలో రాగి అసలు కదలదనే షైల్ లెక్కన అయితే 548 డిగ్రీల యూటెక్టిక్ (చివరి ద్రవం ఒకే ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడే చోటు) దగ్గరికొచ్చాక కూడా ఇంచుమించు 9 శాతం ద్రవం మిగులుతుంది. రాగి కొంత వెనక్కి వ్యాపిస్తుంది కాబట్టి నిజంలో అంతకన్నా తక్కువే, కానీ సున్నా మాత్రం కాదు. అంటే అసలు కిటికీ 559 నుంచి 548 దాకా. ఆ చివరి గీత దగ్గర మూల అలాగే ఆగిపోతుంది.

అప్పటికి పక్కనున్న సన్నటి ఆర్మ్ ఎప్పుడో గట్టిపడి కుంచించుకుపోతూ ఉంటుంది. 300 మి.మీ. ఆర్మ్ ఇంకో 40 డిగ్రీలు దిగితే 0.3 మి.మీ. తగ్గుతుంది. రెండు ఫ్లాంజ్‌లనీ మధ్యలో కోర్ (మూసలో పెట్టే గట్టి ఇసుక దిమ్మ) పట్టుకుని ఉంది కాబట్టి ఆ 0.3 మొత్తం సాగాల్సింది మెత్తగా ఉన్న ఆ ఒక్క మూలే. 10 మి.మీ. హాట్‌స్పాట్‌లో అది 3 శాతం. ఆ దశలో ఒక్క శాతం సాగడమే గగనం. 356 అనే ఇంకో మిశ్రమలోహం అయితే 7 శాతం సిలికాన్ పుణ్యమా అని బోలెడు యూటెక్టిక్ ఉంటుంది, చీలిక మొదలైనా ద్రవం వచ్చి పూడుస్తుంది. 206లో ఆ భాగ్యం లేదు.

ఇంతకీ కోర్ పట్టుకుంది అన్నాను కదా, తమరి లెక్కలో కోరే లేదు! ఒత్తిడి మాడ్యూల్‌లో ఇసుక ‘ఖాళీ’ అని పెట్టేశారు, రాత్రికి రాత్రి రన్ అయిపోవాలి కదా మరి. పోత గాల్లో తేలుతూ హాయిగా కుంచించుకుంటే లాగేదెవరు, చీలేదెవరు? కార్బన్ డయాక్సైడ్ ఊదిన సిలికేట్ కోర్ ఎంత మొండిదో ఉలి పట్టినవాణ్ణి అడగండి. పోనీ ‘దృఢం’ అని పెడితే పోతంతా ఎర్రగా మారిపోతుంది, అప్పుడు ఏ మూల నమ్మాలో తెలీదు. మధ్యేమార్గం ఉంది. ఇసుకకి కొలిచిన మాడ్యులస్ (బిగువు), నలిగే హద్దు ఇచ్చి, ఖాళీ ఏర్పడితే వదిలేసే కాంటాక్ట్ పెట్టాలి. రెండు రోజులు పడుతుంది. పట్టనీ!

రంగుల స్కేలేమో ‘ఆటో’. కరుగు లోపలికి వచ్చే దారి, ఎలాగూ కోసి పారేసే గేటు దగ్గర పెద్ద అంకె ఒకటి పడితే మిగతా పోతంతా పచ్చబడిపోతుంది. మూలలో మెష్ ఎలిమెంట్ (లెక్క కోసం పోతని విడగొట్టిన ముక్క) 5 మి.మీ., ఫిల్లెట్ (మూల గుండ్రదనం) 2 మి.మీ. అక్కడ ఒక వంపు ఉందన్న సంగతే తమరికి తెలీదు. కరుగులో వేసిన టైటానియం–బోరాన్ కడ్డీకి గ్రెయిన్ సైజు (లోహంలోని రేణువుల పరిమాణం) మారిందనీ తెలీదు. పైగా స్టీలు పోతల్లో ష్రింకేజ్ రంధ్రాలు పట్టడానికి 1982లో వచ్చిన నియామా సంఖ్యని పగుళ్ల పేజీలో అతికించారు, ఎందుకో?

న్యాయంగా మాట్లాడితే, రైజర్ (కుంచించుకునే పోతకి లోహం అందించే నిల్వ) ఎక్కడ పెట్టాలో తమరు చెప్తే తప్పలేదు. ఆర్మ్‌ని కోసి చూస్తే ఒక్క రంధ్రం లేదు. ఉష్ణోగ్రత లెక్కలో నీకు సాటి లేదయ్యా, ఒప్పుకుంటాం. అదే ధీమాతో ఒత్తిడి పేజీలోకి ఎందుకొచ్చావు? తెలీనప్పుడు బూడిద రంగు వెయ్యి, ‘లెక్కించలేదు’ అని రాయి. మీటింగ్‌లో నిన్ను ప్రొజెక్టర్ మీద చూపించి ప్యాటర్న్ (మూస తీసే అచ్చు) ఓకే చేయించుకుంటారు, స్క్రాప్ మాత్రం మోల్డర్ ఖాతాలో పడుతుంది.

ఫిల్లెట్ 8కి పెంచాం. మూలకి చిల్ (త్వరగా చల్లార్చే లోహపు దిమ్మ) పెట్టాం. కోర్ మధ్యలో బోలు చేశాం, నొక్కితే నలగాలని. రేపు పొద్దున పోస్తున్నాం. నిన్ను అడగలేదు.

ఇట్లు,
ఫెట్లింగ్ బల్ల తరఫున