పాండిచ్చేరి గోడలకు సిమెంటు పూయమన్న మహానుభావుడికి

పాండిచ్చేరిలోని పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్ ఇళ్ల గురించి 'వైట్ టౌన్ రహస్యం' అనే సందేశం ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లు దాన్ని చివరిదాకా చదివారా అని నా అనుమానం.

ఆ ఇళ్లు 350 ఏళ్లవట. 1761లో ఇంగ్లీషువాళ్లు కోటతోపాటు ఊరినీ నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్ల చేతికి మళ్లీ వచ్చింది 1765లో. మీరు ఆనుకుని ఫొటో దిగే గోడ దాదాపు ఏదైనా ఆ తర్వాతిదే.

వీధులు గళ్లు గళ్లుగా ఉండటం ఫ్రెంచి బుర్రట. 1693 నుంచి 1699 దాకా ఊరు డచ్చివాళ్లది, ఆ గళ్లు వాళ్ల పటంలోనే ఉన్నాయి.

గుడ్డుసొనతో కట్టడం వల్ల ఒక్కటీ కూలలేదట. సొన వాడేది గోడకి వేసే ఆఖరి నునుపు పూతలో, కట్టుబడిలో కాదు. ఇక కూలకపోవడం సంగతి: సముద్రపు ఒడ్డున మేరీ భవనం (ఫ్రెంచివాళ్ల నాటి పురపాలక భవనం) 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది.

ఇవన్నీ క్షమించొచ్చు. 'పెచ్చులూడిన చోట సిమెంటు పూసి ప్లాస్టిక్ పెయింటు వేయించండి, వందేళ్లు ఢోకా లేదు' అన్నదే కొంప ముంచేది. సున్నంతో కట్టిన ఇటుక గోడ నేలలోని తేమను పైకి లాగుతుంది, సున్నం పూతలోంచి బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది. కొన్నాళ్లకు పూత పలకలు పలకలుగా ఊడుతుంది, ఇటుక ముఖాన్నీ పట్టుకుపోతుంది. అంతకన్నా ప్రమాదం పైన ఉంది. మద్రాసు టెర్రసును, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో కట్టిన మిద్దెను, మోసే టేకు దూలాల కొసలు గోడలోనే కదా ఉండేది! తడి ఆరని గోడలో అవి పుచ్చుతాయి, చెదలు పడతాయి. లీకు ఆపుదామని మిద్దె మీద ఇంకో సిమెంటు పొర పోస్తే పుచ్చిన దూలం మీద అదనపు బరువు. భలే వైద్యం!

చేయాల్సింది వేరు. సిమెంటును ఇటుక దాకా చెక్కేయాలి. అతుకుల్ని రెండు సెంటీమీటర్ల లోతు గీకి, మంచినీళ్లతో పదేపదే కడిగి, ఉప్పు లాగనివ్వాలి. కొత్త పూతకి వారాలపాటు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన నది ఇసుక మూడు పాళ్లు. ఒక్కో పొర సెంటీమీటరు మించకూడదు, కనీసం వారం తడి ఆరనివ్వకూడదు. పైన సున్నపు వెల్లే, పెయింటు వద్దు. మిద్దె మీద అయితే ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటును కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిసతో కొట్టాలి. తొందరపడితే పగుళ్లే.

అయితే ఒక్క మాట ఆ సందేశానిదే నిజం. సున్నం పని ఖరీదు, మేస్త్రీలు దొరకరు, ఉప్పుతేమకి గోడ అడుగున నడుమెత్తు దాకా పూత కొన్నేళ్లకే రాలుతుంది. దాని పని అదే మరి. ఇటుక బదులు అది రాలుతుంది, మళ్లీ పూసుకుంటాం. ఆ ఖర్చు భరించలేనివాళ్లను తప్పుపట్టను. ఉన్న సున్నాన్ని మాత్రం ఊడగొట్టకండి, చాలు.