సైబీరియా చుట్టాల లెక్క

మా శ్రీకాకుళం జిల్లాకి వచ్చే చుట్టాల్లో, దిగీ దిగగానే పేపర్లో ఫొటో పడేది పక్షులకే. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లంటే ఇంకా గౌరవం), ఎర్రకాళ్ల కొంగలు వాలాయో లేదో 'సైబీరియా నుంచి విదేశీ అతిథులు' అని వార్త వచ్చేస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో దిగే నత్తగుల్ల కొంగలకీ అదే మర్యాద. ఆ గూడబాతులు సైబీరియా మొహమే చూడలేదు, వాటి పుట్టుకా పెరుగుదలా మన దక్షిణాసియా చుట్టుపక్కలే అని ఎవరైనా నోరు జారితే మాత్రం అందరి మొహాలూ మాడిపోతాయి. మాడవా మరి, పక్క జిల్లా నుంచొచ్చిన చుట్టానికి ఎవడైనా కోడిని కోస్తాడా?

సరే, అతిథులన్నాక లెక్క ఉండాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. నేనూ ఓ ఏడాది బైనాక్యులర్స్ మెడలో వేసుకుని బయల్దేరాను. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత జాగా తీసుకున్నాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతతో మొత్తం గుంపుని అంచనా వెయ్యాలి. మా అమ్మ గుప్పెడుతో బియ్యం కొలిచినట్టే కదా, ఇదేం విద్య అనుకున్నాను. ఒకే చింతచెట్టుకి మొదటిసారి 41 వచ్చాయి, రెండోసారి 38, మూడోసారి 44. తల్లి గూట్లో దిగీదిగగానే తెల్లటి నూగుతో ఉన్న పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తలకాయంతా దూర్చేసి చేపల కోసం కెలుకుతుంటే, కింద నుంచి చూసేవాడికి అది ఒక పక్షా రెండా? పైగా సరిగ్గా అప్పుడే పైనుంచి రెట్ట వచ్చి నా ఫారం మీద పడింది, అదీ 'అభిప్రాయాలు' అన్న గడిలో.

చెట్టు పక్క అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మామ్మ అడిగింది. "ఏటి బావూ, కొంగలకి రేషన్ కార్డులిస్తారేటి?"

ఆ మాటతో నాకో ఆలోచన వచ్చింది, ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేస్తున్నాను. గణన జరిగేది సంక్రాంతి రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే పలాస స్టేషన్లో ఇంకో పెద్ద గుంపు దిగుతుంది, కానీ దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఫారాలు ఎలాగూ అచ్చయ్యాయి, వీళ్లనీ రాసేస్తే పోలా? రకాలు గుర్తుపట్టడం చాలా తేలిక. సూట్‌కేసు చుట్టూ ప్లాస్టిక్ తాడుంటే గల్ఫ్ వెల్డరు. సిమెంటు సంచిలో బట్టలు, భుజాన నిద్రపోతున్న పిల్ల ఉంటే చెన్నై మేస్త్రీ. దిగగానే స్టేషన్ గేటుని తనే మూసి తనే తీస్తే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినవాళ్లూ ఈ గుంపులో ఉంటారు, వాళ్లని విడిగా గుర్తుపట్టే పద్ధతి మాత్రం నాకింకా దొరకలేదు. జనరల్ బోగీ దగ్గర పదేసి చొప్పున అంచనా వెయ్యడం కుదరదు, పదిమంది తీసుకునే జాగాలో నలభైమంది ఉంటారు కాబట్టి. ఒక్క తేడా ఏంటంటే, గూడబాతు పిల్లల్ని ఇక్కడే పెంచి, అవి ఎగరడం నేర్చాక వెంటబెట్టుకుని పోతుంది. మనవాళ్లు మాత్రం పిల్లల్ని ముసలాళ్ల దగ్గర వదిలేసి ఎగిరిపోతారు. దీనికి ఫారంలో కొత్త గడి కావాలి.

ఎండెక్కాక సామాన్లు సర్దుకుంటుంటే మామ్మ మళ్లీ పిలిచింది.

"మా పెద్దోడు నిన్న దిగాడు, ముక్కనుమకి ఎల్లిపోతాడు. ఆణ్ణి రాసుకోలేదేటి?"

"ఏ రకం మామ్మా?"

"మేస్త్రీ."