తలుపేసుకుంటే లోకం తెలీనట్టేనా?

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మీద మీ ఆర్టికల్ బాగుంది గానీ ఆవిడ ఏం రాసినా దాని వెనక భగ్నప్రేమ ఉందన్నట్టు చెప్పుకుంటూ పోయారు, అక్కడే నాకు కాస్త తేడా కొట్టింది. తెల్ల గౌనేసుకుని, తలుపు మూసుకుని ఇంట్లోనే ఉండిపోయిన మనిషి, ఎవరో తెలియని ప్రియుడు, ఎన్నాళ్లండీ ఇదే కథ! ఆవిడ ఎక్కువగా రాసింది 1861-65 మధ్య, అంటే సరిగ్గా అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు. 1862 మార్చిలో ఆవిడ ఊళ్లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ ప్రెసిడెంట్ గారబ్బాయి ఫ్రేజర్ స్టెర్న్స్ యుద్ధంలో చనిపోయాడు, ఆవిడ అన్న ఆస్టిన్‌కి ఫ్రెండ్ అతను, ఆ చావు గురించి ఆవిడ ఉత్తరాల్లో కూడా రాసింది, మరి చావు మీద అన్ని కవితలుంటే ప్రియుడి కోసం వెతకడం దేనికి? గది దాటకపోయినా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయిగా.

అలాగని కవితలు చదవడానికి ఆవిడ జీవితం తెలియక్కర్లేదు అనట్లేదు. ఆవిడ చేత్తో కవితలు రాసుకున్న కాగితాల ఫొటోలు ఆన్‌లైన్లో ఉన్నాయి, ఒకసారి చూడండి, ఒక మాట పక్కన చిన్న ప్లస్ గుర్తు పెట్టి, కింద దానికి బదులుగా ఇంకో రెండు మూడు మాటలు రాసుకుంది, చాలాచోట్ల ఏదీ కొట్టేయలేదు. చివరి రోజుల్లో అయితే చింపిన కవర్ల మీద కూడా రాసేసింది. 1890లో మొదటి పుస్తకం వేసినవాళ్లు ఆవిడ కవితల నిండా పెట్టుకున్న డ్యాష్‌లు చాలావరకు తీసేసి, కవితలకి పేర్లు తగిలించి నున్నగా చేసేశారు (కోపం రాదా మరి), ఆ డ్యాష్‌లు మళ్లీ అచ్చులోకి రావడానికి 1955 దాకా పట్టింది. నన్నడిగితే ప్రియుడెవరు అన్నదాని కంటే ఆ ప్లస్ గుర్తులే ఆవిడ గురించి ఎక్కువ చెప్తాయి.