బత్తాయి డబ్బాలో కొత్త కోడలు

నల్లగొండలో పానగల్లు పోయే తోవలో మా ఇల్లు. రాణి అనే పిల్లి 8 ఏళ్లుగా అమ్మ పార్టీ. టైగర్ అనే ముసలి కుక్క నాయిన పార్టీ. నేను ఏ పార్టీనో చెప్పను, ఇద్దరితోనూ పని పడుతుంది. మొన్న నాయిన తోట నుంచి బత్తాయి డబ్బా మోసుకొచ్చాడు. డబ్బా మియావ్ అన్నది.

అమ్మ: బత్తాయిలు ఎప్పటి నుంచి అరుస్తున్నాయండీ?

నాయిన: మోటారు రూము వెనక దొరికింది. తల్లి కోసం రెండు రోజులు చూశాను, రాలేదు. కండ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి చూడు, నెలన్నర ఉంటుందేమో.

అమ్మ: ఇంట్లో ఒకతి ఉండగా ఇంకొకతిని తెస్తారా?

నాయిన: నువ్వు మాట్లాడేది పిల్లి సంగతేనా?

అమ్మ: ప్రస్తుతానికి పిల్లి సంగతే.

ఈలోపు రాణి వచ్చి డబ్బా వాసన చూసింది. తోక సీసాలు కడిగే బ్రష్ లెక్క ఉబ్బింది. డబ్బాలో ఉన్నదాన్ని వదిలేసి, ఏ పాపమూ ఎరుగని టైగర్ మూతి మీద ఒక్కటిచ్చి, బీరువా ఎక్కి కూర్చుంది. (మా ఇంట్లో కోపం ఎవరి మీద వచ్చినా దెబ్బ ఇంకొకరికే పడుతుంది. రాణి ఎవరి దగ్గర నేర్చుకుందో తెలుస్తూనే ఉంది.)

సాయంత్రం నాయిన పశువుల డాక్టరు దగ్గరికి పోయి, నట్టల మందుతో పాటు చీటీ వెనక బోలెడు రాసుకొచ్చాడు.

నాయిన: కొత్తదాన్ని పది పదిహేను రోజులు వేరే రూములో పెట్టాలట. తలుపు వేసి. దాని తిండి దానికే, దాని నీళ్లు దానికే, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. ఏదన్నా రోగముంటే అప్పటికి బయటపడుతుంది. పైగా కొత్త ఇల్లు కదా, బెదురుతుంది పాపం.

అమ్మ: బెదురుతుందా? నేను దేవరకొండ నుంచి వచ్చిననాడు గడపలో కాలు పెట్టానో లేదో, మీ అమ్మ 15 మందికి చాయ్ పెట్టమన్నది. చక్కెర డబ్బా ఎక్కడుందో కూడా చెప్పలేదు.

నాయిన: 40 ఏళ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకే?

అమ్మ: 38. నన్ను ఏ అట్టపెట్టెలో దాక్కోమన్నారు?

నాయిన: సరే, ఇది విను. ముందు వాసన పరిచయం చేయాలి. పిల్లులకు బుగ్గల దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి. మెత్తటి గుడ్డతో దీని బుగ్గలు తుడిచి రాణి దగ్గర పెట్టాలి, రాణివి తుడిచి దీని దగ్గర. మొహాలు తర్వాత.

అమ్మ: మనకు తిరగేసి జరిగింది. ముందు మొహం చూపించారు. చుట్ట వాసన పెళ్లయ్యాక తెలిసింది.

నాయిన: మానేశాను కదా!

అమ్మ: రాణి తుమ్ముతుందని మానేశారు. 30 ఏళ్లు నేను తుమ్మితే జలుబన్నారు. అవునూ, చేతిలో ఆ గుడ్డ ఏంటి?

నాయిన: మెత్తటి గుడ్డ.

అమ్మ: అది నా గద్వాల చీరలో జాకెట్ ముక్కండీ!

నాయిన: అందుకే అంత మెత్తగా ఉంది.

అప్పటికే ముక్క మీద బోలెడు వెంట్రుకలున్నాయి. అమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, మళ్లీ నాయిన చేతిలోనే పెట్టింది.

నాయిన: ఇంకోటి. ఇసుక డబ్బాలు పిల్లుల కంటే ఒకటి ఎక్కువ ఉండాలట. రెండు పిల్లులకు మూడు.

అమ్మ: మూడా! 9 మందిమి ఒక్క లెట్రిన్‌తో సంసారం చేశాం. మీ తమ్ముడు ఆరింటికి పేపరు పట్టుకొని లోపలికి పోతే ఏడింటికి హెడ్‌లైన్లు చెప్పుకుంటూ వచ్చేవాడు. దీనికి మూడా?

నాయిన: టైగర్‌ను మాత్రం గొలుసు పట్టుకొనే చూపించాలి. తోకల దగ్గరే తిరకాసు వస్తుందట. కుక్క తోక ఊపిందంటే చాలావరకు సంబరమే. పిల్లి తోక టపటపా కొడితే ఒళ్లు మండుతున్నట్టు. వీడేమో అది కూడా ఆటకే పిలుస్తుందనుకుంటాడు.

అమ్మ: మీ చెల్లె నవ్వు లెక్క అన్నమాట. అది ప్రేమ కాదని తెలియడానికి నాకు 6 నెలలు పట్టింది.

నాయిన: (చీటీలో తల దూర్చి) మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. గుర్రుమన్నా, బుస్సుమన్నా తిట్టొద్దు. ఆవు పాలు పోయొద్దు, అరగవు, మోషన్స్ అవుతాయి. అవునూ, రూములో గిన్నె నిండా పాలు ఎవరు పోశారు?

అమ్మ: నాకేం తెలుసు?

నేనైతే పోయలేదు. ఇక మిగిలింది టైగర్.

నాలుగు రోజులు గడిచాయి. తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. తింటూ తింటూ అవతలి వాసన వస్తే, ఆ వాసన రావడం మంచికే అనుకుంటాయట. మొదటి రోజు రాణి గిన్నె ముట్టలేదు. రెండో రోజు తలుపును తిడుతూ తిన్నది. ఆ తర్వాత తిండి అయిపోయినా అక్కడి నుంచి లేవడం మానేసింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద నీడ లెక్క, పొద్దంతా తలుపు దగ్గర కదలకుండా అదే కూర్చోవడం.

ఏడో రోజు తలుపు కింది సందులోంచి గోటెడంత తెల్లటి పంజా బయటికొచ్చి నేల తడిమింది. రాణి వాసన చూసింది. సగం బుస్సుమని, మిగతా సగం మింగేసి, తన పంజా తీసి దాని మీద పెట్టింది.

అమ్మ: ఏడు రోజులకే! మీ అమ్మ నాకు బీరువా తాళాలు ఇవ్వడానికి 11 ఏళ్లు పట్టింది.

నాయిన: చూశావా, కలిసిపోయాయి. తలుపు తీసేయనా?

అమ్మ: చెయ్యి తీయండి అక్కడి నుంచి. డాక్టరు ఎన్ని రోజులన్నాడు?

నాయిన: పది, పదిహేను.

అమ్మ: పదిహేను. ఒక్క పూట తగ్గినా ఊరుకోను. కొత్తగా వచ్చింది, దాని పదిహేను రోజులు దాన్ని ఉండనీయండి.

నాయిన: అది నా రూము! కూలర్ అందులోనే ఉంది. వారం నుంచి హాల్లో దోమలకు బలవుతున్నాను. ఇంకా ఎనిమిది రోజులు నేనెక్కడ పడుకోవాలి?

అమ్మ: వరండాలో ఇంకో అట్టపెట్టె ఉంది.