పాత బియ్యం, కొత్త బండి

మన ఇళ్లలో కొత్త బియ్యం వండుకోం. అన్నం ముద్దయిపోతుందని, కడుపులో బరువుగా ఉంటుందని, ఏడాది పాటు మాగనిచ్చి అప్పుడు పొయ్యి మీదికి ఎక్కిస్తాం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బస్తా మీద బీపీటీ 5204 అని ఉంటుందే, అది 1986లో విడుదలైంది. నలభై ఏళ్లుగా తింటున్న రకం. అయినా సరే, ఇవాళ్టికీ కొట్లో అడిగే మొదటి మాట "పాతవేనా?" అనే. ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు. కలిపిన రోజు జాడీకి గుడ్డ కట్టేసి, మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ఒక ముద్ద ఎవరికో పెట్టి వాళ్ల మొహం చూసి, అప్పుడు మనం తింటాం.

అలాంటి మనం బండి దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తున్నామో చూడండి. 2022 జూలై 30న, ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిన రెండో రోజు, పొద్దున పదకొండు గంటలకు మహీంద్రా వాళ్ల కొత్త ఎస్‌యూవీ స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిచారు. మొదటి నిమిషంలో 25,000. అరగంటలో లక్ష. అంటే మొదట్లో సెకనుకు నాలుగు వందల మంది పైచిలుకు. దేశం మొత్తం లెక్కే అనుకోండి, కానీ మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చునే రకమా? కూరగాయల బండి దగ్గర ఒక్క వంకాయను అటూ ఇటూ తిప్పి పుచ్చు ఉందేమో చూడ్డానికే నాకు నిమిషం పైన పడుతుంది. 2024 అక్టోబర్ 3న, దేవీ నవరాత్రుల మొదటి రోజు, థార్ రాక్స్‌కి గంటలో 1,76,218. 2025 డిసెంబర్ 16న టాటా సియెరాకి మొదటి రోజే 70,000. ఆ రోజు ధనుర్మాసం మొదలైంది. పెళ్లికైతే ముహూర్తాలు లేవు, బుకింగుకి ఎవరూ పంచాంగం చూడలేదు.

కాబట్టి ఈ విషయం మీద లోతుగా ఆలోచించాల్సిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. నేను తీసుకున్నాను. కొత్తగా వచ్చిన ఎస్‌యూవీని ముందే కొనాలా, ఆగి కొనాలా? పెద్దల్ని అడిగితే "ఆలస్యం అమృతం విషం" అంటారు. అదే నోటితో "నిదానమే ప్రధానం" అనీ అంటారు. వాళ్లు సామెతలు చెప్పి వెళ్లిపోయారే గానీ ఈఎంఐలు కట్టలేదు. అందుకని రెండేళ్ల పాటు, ఎక్కువ భాగం షోరూముల ఏసీలో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ, స్వయంగా పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చాను. కొత్త ఎస్‌యూవీని ముందే కొని తీరాలి. కాకపోతే కొనేది మనం కాకూడదు.

దీన్ని స్వార్థం అనకండి. పెళ్లి వంటల్లో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి వంటాయన ఒక్కడినే పిలుస్తాడు, పెళ్లివారందర్నీ పిలవడు.

ముందు అసలు కొనబోయేది ఎస్‌యూవీయో కాదో తేలాలి. ఇదేం చిన్న విషయం కాదు, జీఎస్టీ కౌన్సిలే ఒకటికి రెండుసార్లు కూర్చుని తేల్చింది. పొడవు 4,000 మి.మీ. దాటాలి, ఇంజిన్ 1,500 సీసీ దాటాలి, నేలకీ బండికీ మధ్య కనీసం 170 మి.మీ. జాగా ఉండాలి. ఆ 170 ఎప్పుడు కొలవాలన్న సందేహం వస్తే, బరువేమీ ఎక్కించకుండా కొలవాలని 2023 జూలైలో చెప్పారు. ఈ లెక్కన మేం నలుగురం, మా అత్తగారు, ఆవిడ పచ్చళ్ల జాడీలు ఎక్కాక అది ఎస్‌యూవీగా మిగులుతుందన్న నమ్మకం నాకు లేదు. పన్ను మాత్రం ఖాళీ బండి లెక్కనే. ఇక నాలుగు మీటర్ల లోపు బండిని కాస్త ఎత్తుగా నిలబెట్టి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ అంచు తొడిగితే కంపెనీ దాన్ని ఎస్‌యూవీ అంటుంది, పన్నువాళ్లు అనరు. పక్కింటివాళ్లు అంటే మనకు చాలు.

సిద్ధాంతం ఉంటే సరిపోదు, ప్రయోగశాల కావాలి. నాకు బావమరిది ఉన్నాడు.

వాడిది ఏ బండో చెప్పను. పేరు చెబితే ఒక కంపెనీకి కోపం వస్తుంది. చెప్పకపోతే ప్రతి కంపెనీ మనది కాదులే అనుకుని ప్రశాంతంగా ఉంటుంది. స్టేజీ మీద దాని పైనున్న గుడ్డ లాగిన రాత్రి నుంచి వాడికి నిద్ర లేదు. "ఇంట్రడక్టరీ ప్రైస్ బావా, ఇప్పుడు పట్టకపోతే పోయినట్టే" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. 2021 అక్టోబర్ 7న ఎక్స్‌యూవీ700 బుకింగులు తెరిచినప్పుడు మొదటి 25,000 మందికి ఒక ధర అన్నారు. 57 నిమిషాల్లో ఆ పాతిక వేలూ అయిపోయాయి. తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, నింపాదిగా ఫోను ముందు కూర్చున్న భక్తుడు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. అందుకే మావాణ్ణి భుజం తట్టి, "నువ్వు తీసుకో, నీ వెనకే నేనున్నాను" అన్నాను. వెనకే అంటే ఏడాదిన్నర వెనక అని విడమరిచి చెప్పలేదు.

21,000 కట్టాడు. వద్దనుకుంటే వెనక్కిస్తారు కాబట్టి అది ఖర్చు కాదన్నాడు. తర్వాత ఏడు నెలలు ఎదురుచూశాడు. ఫోన్ చేసినప్పుడల్లా షోరూం కుర్రాడిది ఒకటే మాట: "నెక్స్ట్ లాట్‌లో మీదే సార్." నాలుగో నెలలో ఇంకోటి చేర్చాడు: "కలర్ మార్చుకుంటే తొందరగా వస్తుంది సార్." మావాడు అడిగింది ముదురు ఆకుపచ్చ, వచ్చింది తెలుపు. ఇప్పుడు అడిగి చూడండి, మొదట్నుంచీ తెలుపే ఇష్టం అంటాడు, బెజవాడ ఎండలకి అదే మంచిదట. ఎండ గురించి అంత ఆలోచించినవాడు నెత్తి మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా అద్దం ఎందుకు పెట్టించుకున్నాడని అడిగితే, అది టాప్ వేరియంట్‌లో దానంతటదే వస్తుందన్నాడు. రోహిణి కార్తెకి ముందే దానికి నల్ల పరదా కొన్నాడు. అది దానంతటది రాలేదు.

ఎక్స్ షోరూం ధర స్నేహితులకి చెప్పుకోవడానికి, ఆన్ రోడ్ ధర ఇంట్లో చెప్పకుండా ఉండడానికి. మధ్యలో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పది లక్షలు దాటింది కాబట్టి అమ్మేటప్పుడే వసూలు చేసే ఒక శాతం పన్ను టీసీఎస్, ఇవి కాక "అందరూ తీసుకుంటున్నారు సార్" అనే పేరుతో ఒక యాక్సెసరీస్ కిట్. అందులో ఒక మెడ దిండు కూడా ఉంది. మెడ నొప్పికి అప్పటికి ఇంకా కారణం లేదు.

2025 శ్రావణంలో బండి ఇంటికొచ్చింది. దుర్గమ్మ కొండ దగ్గర వాహన పూజ. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద స్వస్తిక్, ముందు భాగానికి మూరల కొద్దీ బంతిపూల దండ. మావాడు భక్తిగా బండి ఎక్కి నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కాడో లేదో, స్క్రీన్ మీద ఎర్రగా హెచ్చరిక: ముందు సెన్సర్‌కి ఏదో అడ్డుపడింది, కొన్ని భద్రతా సౌకర్యాలు పనిచేయవు. దండ తీస్తే అమ్మవారికి అపచారం, ఉంచితే బండికి కళ్లు లేవు. ఆవిడే కాపాడుతుందని మా అత్తగారు వెనక సీట్లోంచి తీర్పు చెప్పారు. ఇల్లు చేరేదాకా అమ్మవారే డ్రైవింగ్ చేసింది. న్యాయంగా చెప్పాలంటే ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. మంచులోనూ ఎడారిలోనూ బండిని పరీక్షిస్తారు గానీ, బంతిపూల దండతో పరీక్షించాలని ఎవరికి తోస్తుంది?

పదిహేను రోజులకి బల్లి మొదలైంది. నిజం బల్లి కాదు. డాష్‌బోర్డులో ఎడమవైపు ఎక్కడో, నలభై స్పీడులో, గతుకు రోడ్డు మీద మాత్రమే, "టిక్... టిక్... టిక్" అని ఒక చప్పుడు. అచ్చం బల్లి పలికినట్టే. మా అత్తగారికి బల్లి మాట వేదవాక్కు. ఆవిడ ఏదన్నా అంటున్నప్పుడు అది పలికితే చాలు, "సత్యం!" అని సీటు మీద వేలితో మూడుసార్లు కొట్టి, "చూశావా, అదీ ఔనంటోంది" అనేవారు. అలా గన్నవరం వెళ్లొచ్చేలోపు కోడలి గురించి పదకొండు సత్యాలు రుజువయ్యాయి. మావాడి సంసారం గతుకు రోడ్డు కంటే అన్యాయంగా తయారైంది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. వాళ్లు నున్నటి హైవే మీద ట్రయల్ వేసి, "సౌండేం రావట్లేదు సార్" అన్నారు. రెండోసారి మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తనే గతుకుల్లో తిప్పాడు. అప్పుడు బల్లి పలకలేదు, ఒక్కసారి కూడా. మూడోసారి అత్తగారిని కూడా తీసుకెళ్లాడు. ఆవిడ నోరు విప్పగానే పలికింది. డాష్‌బోర్డు విప్పి లోపల స్పాంజి ముక్కలు కూరారు. చప్పుడు అక్కడ ఆగి కుడివైపు మొదలైంది. దానితో పాటు రివర్స్ కెమెరా మూడుసార్లలో ఒకసారి నల్ల తెర చూపిస్తోందని చెబితే, "అప్‌డేట్ వస్తుంది సార్" అన్నారు. గుళ్లో తీర్థం తీసుకున్నంత నమ్మకంగా మావాడు ఆ మాట తీసుకుని వచ్చాడు.

ఇదంతా నేను ఒక నోట్‌బుక్కులో తేదీలతో సహా రాసుకున్నాను. చట్టం కూడా ఇలాంటి లెక్కల మీదే నడుస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఏడేళ్లలోపు వాహనంలో భద్రతకు సంబంధించిన లోపం ఉంటే, ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటాక కంపెనీ చేత రీకాల్ చేయించే అధికారం ప్రభుత్వానికుంది. మరి ఆ ఫిర్యాదులు ఎవరు చెయ్యాలి? నేను చెయ్యలేను, నా దగ్గర కొత్త బండి లేదు.

ఒక్క విషయం మాత్రం వేళాకోళం పక్కన పెట్టి చెబుతాను. 2023 అక్టోబర్ నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ ఉంది, బండిని గుద్దించి చూసి స్టార్లు ఇస్తారు. థార్ రాక్స్‌కి అయిదు స్టార్లు వచ్చింది 2024 నవంబర్‌లో. లక్షా డెబ్బై ఆరు వేల మంది బుక్ చేసింది అక్టోబర్‌లో. మంచి మార్కులు వచ్చాయి కాబట్టి సరిపోయింది. పిల్ల నచ్చిందని తాంబూలాలు పుచ్చుకున్నాక జాతకాలు చూపించుకున్నట్టు ఉంది వ్యవహారం.

ఇక అసలు దెబ్బ. మావాడు బండి తెచ్చుకున్న నెల తిరిగీ తిరగకుండానే, సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుంది. పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50 ఉండేది, 22వ తేదీ నుంచి మొత్తం 40 అన్నారు. కొన్ని మోడళ్ల మీద లక్షకు పైగా తగ్గింది, మావాడిది వాటిలో ఒకటి. ఆ సాయంత్రం ఓదార్చడానికి వెళ్లాను. పోర్టికోలో బండి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "పోనీ బావా, ఆ లక్ష దేశానికి ఇచ్చాననుకుంటా" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఆ లక్ష నాకు మిగిలిందన్న ఆనందం కూడా అందులో కొంత ఉంది.

మరి ధర తగ్గింది కదా, నువ్వెందుకు కొనలేదని మీరు అడగొచ్చు. మా ఆవిడ రోజూ అడుగుతోంది. తగ్గిన మర్నాడే వెళ్లాను. తగ్గిందని అందరూ వచ్చారు, కుర్చీ దొరకలేదు. దసరా తర్వాత వెళ్తే, డిసెంబర్ దాకా ఆగితే ఇయర్ ఎండ్ ఆఫర్ అన్నారు. డిసెంబర్‌లో వెళ్తే, ఇప్పుడు తీసుకుంటే పాత ఏడాది బండి అవుతుంది, జనవరిలో తీసుకోండి అన్నారు. జనవరిలో వెళ్తే, ఫేస్‌లిఫ్ట్ వస్తోందని చెవిలో చెప్పారు. ఫేస్‌లిఫ్ట్ అంటే మళ్లీ కొత్త బండే కదా. దాన్ని ఎవరైనా ముందు కొనాలి.

అందుకే ప్రభుత్వానికి ఒక మనవి. మొదటి నిమిషంలో బుక్ చేసినవాళ్లని గుర్తించి, ఆగస్టు 15న కలెక్టర్ గారి చేతుల మీదుగా శాలువా కప్పాలి. టోల్ గేట్ దగ్గర వాళ్లకు వేరే లైను ఇవ్వాలి, సర్వీస్ సెంటర్‌కి పోవడం ఎటూ తప్పదు. బండి వెనక పెద్ద అక్షరాలతో "మీ కోసమే ముందు కొన్నాను" అని రాయించాలి.

మొన్న సంక్రాంతి వెళ్లాక ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. తెనాలి దగ్గర మాకు తెలిసిన మిల్లు నుంచి తెచ్చుకుంటాం. నా పాత బండి డిక్కీలో రెండు బస్తాలు పట్టవని మావాడి బండిలో వెళ్లాం. మిల్లు ముందు ఆపి, వెనక డోర్ దానంతటదే తెరుచుకునే బటన్ నొక్కాడు. బీప్ బీప్ అంది గానీ తెరుచుకోలేదు. కాలు బంపర్ కింద ఊపినా తెరుచుకుంటుందన్నాడు. ఊపాడు. ఇద్దరం కలిసి ఊపాం. హమాలీలు బస్తాలు భుజాన వేసుకుని నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. చివరికి ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యని వెనక సీటు మీదే బస్తాలు పెట్టించాం.

తనకీ ఒక బస్తా కావాలని, మావాడు మిల్లు గుమస్తాని పిలిచి మూతి విప్పించాడు. గుప్పెడు తీసి అరచేతిలో ఎండకి పట్టి చూశాడు. రెండు గింజలు పంటి కింద వేసి కొరికాడు. మళ్లీ ఇంకో బస్తా విప్పించాడు. దానిలోవీ కొరికాడు.

"ఏ పంటవి ఇవి? నిరుటివేనా?"

"నిరుటివే సార్, ఏడాది దాటింది."

"చూడు బాబూ, కొత్తవైతే మా ఇంట్లో ముట్టుకోరు," అన్నాడు.