సైకాలజీ చదివావా? అయితే ఫీజులు వసూలు చెయ్!

అప్లయిడ్ సైకాలజీ చదివితే ఉద్యోగాలు రావని ఎవరన్నా అంటే నమ్మకండి. బ్రహ్మాండంగా వస్తాయి. ఎమ్మెస్సీ పాసైన మా మేనకోడలు ఈ మధ్య ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో స్టూడెంట్ కౌన్సెలర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఆ వైభవం విన్నాక ఈ కోర్సు మీద నాకు భక్తే పుట్టింది.

"సైకాలజీ అంటే మనసులో ఏముందో చెప్పేస్తారు కదమ్మా?" అన్నారట డీన్ గారు. పెళ్లి భోజనాల్లో సాంబారు వచ్చేలోపు ఎవరో ఒక బాబాయ్ అడిగే ప్రశ్నే కాబట్టి పిల్ల ఓపిగ్గా కాదంది. "పోనీ, పేరెంట్ చేత ఫీజు కట్టించే సైకాలజీ ఏమన్నా ఉందా?" అని డ్యూటీలు చదివారు. పొద్దున్నే స్టడీ అవర్ కాపలా. మధ్యాహ్నం బకాయిలున్నవాళ్లకి ఫోన్లు. సాయంత్రం మార్కులు తగ్గినవాళ్లకి మోటివేషన్. ఎండాకాలం వస్తే టెన్త్ పిల్లల ఇళ్ల చుట్టూ అడ్మిషన్ల టార్గెట్. మరి పిల్లలతో మాట్లాడే గది? చూపించారు. జిరాక్స్ మిషను, నిరుటి మెటీరియల్ కట్టలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఒకటే. రెండోది దేనికి, టైమ్‌టేబుల్లో ఏ పిల్లాడికీ ఖాళీ లేదుగా! తలుపు మీద మాత్రం 'వెల్‌నెస్ సెంటర్' ఫ్లెక్సీ, తనిఖీకొచ్చే పెద్దల కోసం. మా పిల్ల దండం పెట్టి వచ్చేసింది. ఆ పోస్టులో ఇప్పుడు ఎంబీఏ మార్కెటింగ్ కుర్రాడున్నాడు, వసూళ్లు బాగున్నాయట.

మానసిక సమస్యలకి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు అవుదామంటే ఇంకో దారి ఉంది. పీజీ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఈ కోర్సులకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ) గుర్తించిన చోట 2 ఏళ్ల ఎంఫిల్ చేసి, దాని రిజిస్టర్లో పేరెక్కించుకోవడం ఇన్నాళ్లూ ఉన్న పద్ధతి. 2020 జాతీయ విద్యా విధానం అసలు ఎంఫిల్ అన్నదాన్నే ఎత్తేయమంది. తర్వాత నాలిక్కరుచుకుని క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కి 2025-26 అడ్మిషన్ల వరకు గడువు పొడిగించారు. ఇంత తిప్పలెందుకు? శనాదివారాల వర్క్‌షాపు, ఒక బ్లేజరు, చెవి పక్కన మైకు ఉంటే సోమవారానికల్లా లైఫ్ కోచ్!

2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని. ఆ మాట ఊరికే రాలేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోతే, కన్నతండ్రి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చింది. కాలేజీ యాజమాన్యాలూ, ఆ తీర్పుకి మీరిచ్చే జవాబు ఈ ఫ్లెక్సీనా? సిగ్గుండక్కర్లేదా? లక్షలు గుంజుతారు, ఫోను లాక్కుంటారు, ర్యాంకుల లెక్కన నెలనెలా సెక్షన్లు మార్చి పిల్లాణ్ణి నలుగురిలో తలెత్తుకోలేకుండా చేస్తారు. వాడు అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే ఎవర్ని పంపిస్తారు? పొద్దున ఫోన్లో "ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వం" అని వాళ్ల నాన్నని బెదిరించిన మనిషినేనా?